జిప్ చేసే ముందు అవతల తెరిచేది ఎవరో చూసుకోండి

నాలుగు ఫైళ్లు ఎంచుకుని రైట్ క్లిక్ కొట్టి జిప్ చేయడం ఎవరికైనా వచ్చు. తంటా అంతా అవతలివాళ్లు తెరిచేటప్పుడే మొదలవుతుంది. ఒకరికి పాస్‌వర్డ్ కరెక్ట్‌గా కొట్టినా తెరుచుకోదు, ఇంకొకరికి తెలుగు పేర్లన్నీ పిచ్చి గుర్తుల్లా కనిపిస్తాయి, మరొకరికి అసలు ఫోల్డర్ పక్కన ఏదో తెలియని ఫోల్డర్ ఒకటి వచ్చి వైరస్ ఏమోనని టెన్షన్ పడతారు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ అనే ప్రశ్న తర్వాత చూసుకోవచ్చు, ముందు ఇది ఎవరు ఏ మెషీన్‌లో తెరుస్తారో తేల్చుకోండి.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. ప్రత్తిపాడులో ఉన్న పొలం కాగితాలన్నీ, అంటే పాస్‌బుక్ స్కాన్లు, ఈసీ, అడంగల్, అన్నదమ్ముల పంపకాల దస్తావేజు, ఒక ఎక్సెల్ లెక్క, ఇవన్నీ ఒక ఫోల్డర్‌లో ఉన్నాయి. హైదరాబాద్‌లో విండోస్ వాడే అన్నయ్యకి, డాలస్‌లో మ్యాక్ వాడే అక్కకి, లైనక్స్ వాడే మీ అబ్బాయికి, ఫోన్ తప్ప ఇంకేమీ ముట్టుకోని బాబాయికి, నలుగురికీ ఒకే ఫైల్ పంపాలి.

ఇలాంటప్పుడు జవాబు ఒక్కటే, జిప్. ఫిల్ కాట్జ్ 1989లో పీకేజిప్‌తో పాటు తెచ్చిన ఫార్మాట్ ఇది. దాని వివరాలు అందరికీ అందుబాటులో పెట్టారు కాబట్టి ఎవరి సిస్టమ్‌లో వాళ్లు దాన్ని చేర్చుకున్నారు, ఇవాళ విండోస్, మ్యాక్, ఐఫోన్, ఏవీ విడిగా ఏ సాఫ్ట్‌వేర్ ఎక్కించకుండానే తెరుస్తాయి. ఆర్‌ఏఆర్ అలా కాదు. 1993లో యూజీన్ రోషల్ చేసిన ఆ ఫార్మాట్‌ని తెరిచే ఉచిత సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి గానీ తయారు చేయాలంటే డబ్బు కట్టి కొనాల్సిన విన్‌రార్ కావాలి. కొత్తగా ఆర్‌ఏఆర్ ఫైల్ చేసి ఎవరికైనా పంపాల్సిన అవసరం ఇప్పుడు నాకైతే కనిపించడం లేదు. వచ్చినవి తెరుచుకోండి, చాలు.

సైజు ఎంత తగ్గుతుంది?

ఇక్కడ చాలామంది ఆశ పెట్టుకుని నిరాశ పడతారు. జేపెగ్ ఫోటోలు, ఎంపీ4 వీడియోలు, ఎంపీ3 పాటలు పుట్టడమే కుదించుకుని పుట్టాయి, వాటిని మళ్లీ జిప్ చేస్తే తగ్గేది ఏమీ ఉండదు. పీడీఎఫ్ స్కాన్లదీ దాదాపు అదే కథ. వర్డ్ డాక్స్, ఎక్సెల్ ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్లయితే లోపల నిజంగానే జిప్ ఫైళ్లు. నమ్మకం లేకపోతే ఒక వర్డ్ ఫైల్‌కి కాపీ తీసి, దాని పేరు చివర డాక్స్ అని ఉన్నచోట జిప్ అని మార్చి తెరవండి, లోపల మీడియా అనే ఫోల్డర్‌లో మీరు పెట్టిన బొమ్మలు కూడా కనిపిస్తాయి. ఆండ్రాయిడ్ యాప్‌ల ఏపీకే ఫైళ్లు కూడా ఈ బాపతే.

బాగా తగ్గేవి టెక్స్ట్ ఫైళ్లు, సీఎస్‌వీ, లాగ్ ఫైళ్లు, ప్రోగ్రామ్ కోడ్, బీఎంపీ బొమ్మలు. కారణం తేలికే. వచ్చిన మాటే మళ్లీ వస్తే దాన్ని మొత్తం రాయకుండా "ఇన్ని అక్షరాల వెనక ఉన్నదే మళ్లీ" అని గుర్తు పెట్టుకోవడమే కుదింపు. జిప్‌లో మామూలుగా వాడే డిఫ్లేట్ పద్ధతి అలా 32 కేబీ వరకే వెనక్కి చూడగలదు, పైగా జిప్ ప్రతి ఫైల్‌నీ విడివిడిగా కుదిస్తుంది. 7-జిప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్ల 7జెడ్ ఫార్మాట్ ఫైళ్లన్నీ వరసగా కలిపి, చాలా దూరం వెనక్కి చూస్తూ కుదిస్తుంది. ఒకేలాంటి ఫైళ్లు వందల్లో ఉన్నప్పుడు, ఉదాహరణకి నెలనెలా వచ్చే సీఎస్‌వీలు, జిప్‌కీ 7జెడ్‌కీ తేడా బాగా కనిపిస్తుంది.

మన పొలం కాగితాల్లో దాదాపు అన్నీ స్కాన్లే కాబట్టి జిప్ చేసినా బరువు అలాగే ఉంటుంది. బరువు తగ్గాలంటే స్కాన్ చేసేచోటే తగ్గాలి. రంగుల్లో 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) తీసిన కాగితాన్ని గ్రేస్కేల్‌లో 200 డీపీఐలో తీస్తే అక్షరాలు చదవడానికి వస్తాయి, సైజు మాత్రం ఎన్నో రెట్లు పడిపోతుంది. ఇక్కడ జిప్ మనకి ఇచ్చే లాభం వేరే ఉంది: ఇరవై ఫైళ్లలో ఒకటి మిస్ కాకుండా ఫోల్డర్ వరసతో సహా అన్నీ ఒకే మూటగా వెళ్తాయి. వాట్సాప్‌లో ఇంకో లాభం, ఫోటోలు మామూలుగా పంపితే అది వాటి క్వాలిటీ తగ్గించేస్తుంది, అదే జిప్ చేసి డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరతాయి. పెళ్లి ఫోటోలు ఆల్బమ్‌కి పంపేవాళ్లు ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి.

విండోస్‌లో

విండోస్ 10లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి సెండ్ టు, అందులో కంప్రెస్డ్ జిప్డ్ ఫోల్డర్. విండోస్ 11లో రైట్ క్లిక్ చేయగానే పైనే జిప్ ఆప్షన్ కనిపిస్తుంది, 24హెచ్2 అప్‌డేట్ ఉన్నవాళ్లకి కంప్రెస్ టు అనే మెనూలో జిప్‌తో పాటు 7జెడ్, టార్ కూడా వస్తాయి. ఫైళ్లు విడివిడిగా ఎంచుకోకుండా ఫోల్డర్ మొత్తం ఎంచుకోండి, లేకపోతే అవతలివాళ్లు తెరవగానే ఇరవై ఫైళ్లు వాళ్ల డెస్క్‌టాప్ నిండా పడతాయి.

విండోస్‌లో జిప్ అందుకున్నవాళ్లకి ఒక మాట ముందే చెప్పి ఉంచండి. జిప్ మీద డబుల్ క్లిక్ చేస్తే అది మామూలు ఫోల్డర్‌లాగే తెరుచుకుంటుంది, లోపలున్న ఎక్సెల్ కూడా తెరుచుకుంటుంది, కానీ అది టెంపరరీ ఫోల్డర్‌లోకి తీసిన కాపీ. అందులో గంటసేపు లెక్కలు సరిచేసి మూసేస్తే ఆ మార్పులు జిప్‌లోకి వెళ్లవు. అందుకని ముందు ఎక్స్‌ట్రాక్ట్ ఆల్ కొట్టి, తర్వాతే పని మొదలుపెట్టాలి. ఆఫీసుల్లో జనం పని పోగొట్టుకునే దారుల్లో ఇదొకటి.

పాస్‌వర్డ్ పెట్టే సౌకర్యం విండోస్ సొంత జిప్‌లో లేదు. దానికి 7-జిప్ ఎక్కించుకోండి. ఇగోర్ పావ్లోవ్ 1999 నుంచి నడుపుతున్న ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది, దాని అసలు సైట్ నుంచే దించుకోండి, డౌన్‌లోడ్ పేరుతో అలాంటి పేర్లే పెట్టుకున్న వేరే సైట్ల జోలికి పోకండి.

మ్యాక్‌లో

ఫైండర్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కంప్రెస్ కొడితే పక్కనే జిప్ తయారవుతుంది. మ్యాక్ నుంచి మ్యాక్‌కి పంపినంత కాలం ఏ గొడవా లేదు. అదే విండోస్ వాళ్లకి పంపితే లోపల అండర్‌స్కోర్లతో మొదలయ్యే మ్యాక్‌ఓఎస్‌ఎక్స్ అనే ఫోల్డర్, అందులో చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్నచిన్న ఫైళ్లు, ఒక డాట్ డీఎస్ స్టోర్ ఫైల్ కనిపిస్తాయి. ఇవి వైరస్ కాదు. ఫైల్‌తో పాటు మ్యాక్ విడిగా దాచుకునే అదనపు వివరాలు, ఫోల్డర్‌లో ఐకాన్లు ఎక్కడెక్కడ పెట్టారో రాసుకున్న గుర్తులు, అంతే. కాకపోతే చుక్క, అండర్‌స్కోర్‌తో ఉండే ఫైల్‌కి కూడా చివర పీడీఎఫ్ అనే ఉంటుంది, అన్నయ్య దాన్ని తెరవబోతే తెరుచుకోదు, ఫైల్ పాడైందని మీకు ఫోన్ వస్తుంది.

ఇవి లేకుండా చేయడానికి టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో, వాడాలి. ఇక్కడి నుంచి కమాండ్లు పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను, మీరు కొట్టేటప్పుడు అవే చిన్న ఇంగ్లీష్ అక్షరాల్లో, హైఫన్‌తో సహా కొట్టండి. టెర్మినల్ తెరిచి, ఫోల్డర్ ఉన్నచోటికి సీడీ కమాండ్‌తో వెళ్లి,

జిప్ -ఆర్ పొలం.జిప్ పొలం -ఎక్స్ "*.డీఎస్_స్టోర్"

అని కొడితే శుభ్రమైన జిప్ వస్తుంది. డీఎస్ రెండూ, స్టోర్‌లో మొదటి ఎస్సూ మాత్రం పెద్ద అక్షరాలు. ఆర్ అంటే లోపలి ఫోల్డర్లతో సహా అని, ఎక్స్ తర్వాత రాసినవి వదిలేయమని. టెర్మినల్ అంటే భయం ఉన్నవాళ్లు కెకా అనే యాప్ పెట్టుకోండి, అందులో మ్యాక్ అదనపు ఫైళ్లు వదిలేయమనే టిక్ ఉంటుంది.

లైనక్స్‌లో

జిప్ కమాండ్ లైనక్స్‌లోనూ అచ్చం ఇలాగే పనిచేస్తుంది. కానీ లైనక్స్ నుంచి లైనక్స్‌కి, ముఖ్యంగా సర్వర్ బ్యాకప్‌లకి, టార్ వాడాలి. టేపుల మీద బ్యాకప్ తీసే రోజుల్లో, 1979 నాటి యూనిక్స్ ఏడో ఎడిషన్‌తో వచ్చింది ఇది. ఫైల్ ఎవరిది, ఎవరికి ఏ అనుమతి ఉంది, ఏది ఏ ఫైల్‌కి లింకు, ఇవన్నీ జాగ్రత్తగా మోసుకెళ్తుంది. టార్ తనంతట తాను కుదించదు, మూట కడుతుంది అంతే, కుదించే పని జీజిప్, ఎక్స్‌జెడ్ లాంటివాటిది.

టార్ -సీజెడ్ఎఫ్ పొలం.టార్.జీజెడ్ పొలం

సీ అంటే కొత్తగా చేయమని, జెడ్ అంటే జీజిప్‌తో కుదించమని, ఎఫ్ అంటే ఇదిగో ఫైల్ పేరు అని. ఎఫ్ వెనకాల ఏ మాట వస్తే అదే ఆర్కైవ్ (అంటే తయారయ్యే మూట ఫైల్) పేరు, ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. అక్షరాలు అటూఇటూ అయ్యి సీఎఫ్‌జెడ్ అని కొడితే జెడ్ అనే పేరుతో ఒక ఫైల్ తయారై కూర్చుంటుంది. అంతకన్నా ప్రమాదం ఇంకోటి ఉంది, ఆర్కైవ్ పేరు రాయడం మర్చిపోయి నేరుగా మీ ఫైళ్ల పేర్లు వరసగా రాస్తే, మొదటి ఫైల్‌నే ఆర్కైవ్ పేరు అనుకుని దాన్ని చెరిపి దాని మీద రాసేస్తుంది. మీ దస్తావేజు ఫైల్ పోయినట్టే. అందుకే ఎంటర్ కొట్టే ముందు ఎఫ్ పక్కన ఏముందో ఒకసారి వేలు పెట్టి చూసుకోవడం మంచి అలవాటు.

జెడ్ బదులు పెద్ద అక్షరం జే పెడితే ఎక్స్‌జెడ్‌తో కుదిస్తుంది, సైజు ఇంకా తగ్గుతుంది గానీ టైమ్ చాలా ఎక్కువ తీసుకుంటుంది. జీజిప్ కమాండ్‌ని నేరుగా ఒక ఫైల్ మీద వాడితే అది పాత ఫైల్‌ని తీసేసి కుదించినదే ఉంచుతుంది, పాతది కూడా ఉండాలంటే హైఫన్ కే కలపాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2018 నుంచి విండోస్ 10లోనూ టార్ కమాండ్ ఉంది. అది మ్యాక్‌లో ఉన్న బీఎస్‌డీ టార్ లాంటిదే కాబట్టి ఈ రెండింటిలోనూ

టార్ -ఏ -సీ -ఎఫ్ పొలం.జిప్ పొలం

అని కొడితే చివర జిప్ అని ఉండటం చూసుకుని జిప్పే చేసి ఇస్తుంది. లైనక్స్‌లో ఉండే గ్నూ టార్‌కి మాత్రం ఈ విద్య రాదు, అక్కడ జిప్ కమాండే వాడండి.

ఫోన్‌లో

ఐఫోన్‌లో ఫైల్స్ యాప్ తెరిచి ఫోల్డర్ మీద వేలు నొక్కి ఉంచితే కంప్రెస్ వస్తుంది, ఐఓఎస్ 13 నుంచి ఉంది. శామ్‌సంగ్ ఫోన్లలో మై ఫైల్స్‌లో ఎంచుకుని మూడు చుక్కల మెనూలో చూడండి. మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ ఆప్షన్ లేకపోతే జెడ్‌ఆర్కైవర్ యాప్ సరిపోతుంది, అది 7జెడ్ కూడా తెరుస్తుంది. బాబాయికి పంపేటప్పుడు మాత్రం పాస్‌వర్డ్, 7జెడ్ ఏవీ పెట్టకండి. మామూలు జిప్ పంపి, లేదంటే ఆయనకి కావలసిన రెండు పీడీఎఫ్‌లు విడిగా పంపేసి ఊరుకోండి.

తెలుగు పేర్ల సంగతి

ఇది మన సమస్య, ఇంగ్లీష్‌లో ఉండే గైడ్లలో దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

విండోస్ 7 నాటి మెషీన్లలో తెలుగు పేరున్న ఫైల్‌ని జిప్ చేయబోతే ఈ అక్షరాలు కుదరవని సిస్టమే ఒప్పుకునేది కాదు. పేర్లను యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలూ పట్టే పద్ధతిలో, రాసుకునే ఏర్పాటు జిప్ ప్రమాణంలోకి వచ్చిందే 2006లో. విండోస్ 10, 11లో ఆ బాధ లేదు. కానీ మ్యాక్‌లో చేసిన జిప్‌లో పేర్లు యూటీఎఫ్-8లోనే ఉన్నా, అలా ఉన్నాయని చెప్పే గుర్తు కొన్నిసార్లు ఉండదు, అప్పుడు విండోస్ వాటిని వేరే లిపి అనుకుని గజిబిజిగా చూపిస్తుంది. ఫైల్ బాగానే ఉంటుంది, పేరు మాత్రమే చెడుతుంది.

రెండో చిక్కు పేరు పొడవు. ప్రత్తిపాడు అనే మాట మన కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌కి ప, పొల్లు, ర, త, పొల్లు, త, గుడి, ప, దీర్ఘం, డ, కొమ్ము, మొత్తం 11. యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 బైట్లు, అంటే ఆ ఒక్క మాటకే 33 బైట్లు. లైనక్స్‌లో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు, ఆండ్రాయిడ్ కూడా లోపల లైనక్సే. అంటే తెలుగులో 85 గుర్తుల కన్నా పెద్ద పేరు కుదరదు. విండోస్‌లో లెక్క బైట్లలో ఉండదు, అక్కడ 255 గుర్తుల దాకా ఒప్పుకుంటుంది. దాంతో ఏమవుతుందంటే, "ప్రత్తిపాడు మెట్ట పొలం అన్నదమ్ముల పంపకాల రిజిస్టర్డ్ దస్తావేజు నకలు సంతకాలతో సహా పూర్తి ప్రతి" లాంటి పేరు పెట్టి విండోస్‌లో జిప్ చేస్తే హాయిగా అవుతుంది, మీ అబ్బాయి లైనక్స్‌లో తెరిస్తే పేరు మరీ పొడవుగా ఉందని ఎర్రర్ వచ్చి ఆ ఒక్క ఫైల్ బయటికి రాదు. మిగతావన్నీ వస్తాయి కాబట్టి అది రాలేదని ఎవరూ గమనించకపోవచ్చు కూడా.

కాబట్టి తెలుగు పేర్లు పెట్టండి, భయపడకండి, కాకపోతే రెండు మూడు మాటల్లో ముగించండి. వివరం అంతా లోపల ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టొచ్చు. జిప్ ఫైల్ పేరు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లో ఉంచితే మెయిల్లోనూ వెబ్‌సైట్లలోనూ ఇబ్బంది ఉండదు. పేర్లలో కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, డబుల్ కోట్స్ వాడకండి, లైనక్స్ ఒప్పుకుంటుంది గానీ విండోస్ ఒప్పుకోదు. అలాగే పెద్ద ఏ, చిన్న ఏ తేడాతో రెండు ఫైళ్లకి ఒకే పేరు లైనక్స్‌లో ఉండొచ్చు, విండోస్‌లో విప్పితే ఒకదాని మీద ఇంకోటి పడుతుంది.

పాస్‌వర్డ్

పొలం కాగితాల్లో ఆధార్ నంబర్లు, సంతకాలు ఉంటాయి, బాబాయికి విడిగా పంపేవి పక్కన పెడితే మిగతావాళ్లకి పంపేదానికి పాస్‌వర్డ్ పెట్టాల్సిందే. జిప్‌లో రెండు రకాల తాళాలు ఉన్నాయి. పాతది జిప్‌క్రిప్టో, దాన్ని ఎలా విరగ్గొట్టవచ్చో 1994లోనే పరిశోధకులు చూపించారు. లోపలున్న ఒక ఫైల్‌లో కాస్త భాగం ముందే తెలిసి ఉంటే చాలు, పాస్‌వర్డ్ ఎంత పెద్దదైనా మిగతావి తెరవొచ్చు. కొత్తది ఏఈఎస్-256. 7-జిప్‌లో జిప్ ఫార్మాట్ ఎంచుకుంటే మొదట కనిపించేది జిప్‌క్రిప్టోనే, మీరే కింద ఎన్‌క్రిప్షన్ మెథడ్‌లో ఏఈఎస్-256కి మార్చాలి. మ్యాక్ టెర్మినల్‌లో జిప్ కమాండ్‌కి హైఫన్ ఈ కలిపి పాస్‌వర్డ్ పెడితే అది కూడా పాత తాళమే.

మరి అందరూ ఏఈఎస్ వాడొచ్చుగా అంటే, విండోస్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని తెరవలేక ఎర్రర్ ఇస్తుంది. పాస్‌వర్డ్ సరైనదే అయినా తెరుచుకోవడం లేదని అన్నయ్య ఫోన్ చేస్తే కారణం చాలాసార్లు ఇదే, ఆయన మెషీన్‌లోనూ 7-జిప్ ఉండాలి. నా మాటేమిటంటే, కాగితాలు అంత ముఖ్యమైనవి అయినప్పుడు అవతలివాళ్లతో 7-జిప్ ఎక్కించే ఓపిక చేసుకోవాలి, వాళ్లకి తేలికని పాత తాళం పెట్టకూడదు.

ఏ తాళం పెట్టినా జిప్‌లో ఫైళ్ల పేర్లు మాత్రం పాస్‌వర్డ్ లేకుండానే కనిపిస్తాయి. ఫలానావారి ఆధార్, ఫలానావారి వీలునామా అని పేర్లలోనే ఉంటే సగం సంగతి బయటపడినట్టే. పేర్లు కూడా దాచాలంటే 7జెడ్ ఫార్మాట్ ఎంచుకుని ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్ అనే టిక్ పెట్టండి. పాస్‌వర్డ్‌ని అదే మెయిల్లో రాయకండి, ఫోన్ చేసి చెప్పండి.

మెయిల్లో పట్టకపోతే

జీమెయిల్ హద్దు 25 ఎంబీ. అటాచ్‌మెంట్ మెయిల్లో వెళ్లేటప్పుడు ప్రతి 3 బైట్లు 4 అవుతాయి కాబట్టి 24 ఎంబీ ఫైల్ కూడా తిరిగి రావచ్చు, 18 దాటనివ్వకపోతే నిశ్చింత. 7-జిప్‌లో స్ప్లిట్ టు వాల్యూమ్స్ అనే పెట్టెలో 18ఎం అని రాస్తే 001, 002 అని ముక్కలు వస్తాయి. అన్ని ముక్కలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టి 001ని తెరవాలి, ఒక్క ముక్క లేకపోయినా మొత్తం విప్పడం కుదరదు. ఇంత శ్రమ ఎందుకనుకుంటే డ్రైవ్ లింకు పంపండి, లేదా వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా 2 జీబీ వరకు వెళ్తుంది. లోపల ఈఎక్స్‌ఈ, బ్యాట్ ఫైళ్లు ఉంటే మాత్రం జిప్ చేసినా జీమెయిల్ ఆపేస్తుంది. పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేవాళ్లు అది ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఒక్క ఫైల్ ఎక్కదని గుర్తుంచుకోండి, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేస్తే సరిపోతుంది.

పంపే ముందు, చెరిపే ముందు

జిప్ ఫైల్‌లో ఏమేం ఉన్నాయనే పట్టిక ఫైల్ చిట్టచివర ఉంటుంది. అందుకే డౌన్‌లోడ్ 99 శాతంలో ఆగిపోయినా ఫైల్ చెల్లదంటుంది. చేసిన వెంటనే ఒకసారి పరీక్షించండి: 7-జిప్‌లో టెస్ట్ బటన్ ఉంది, మ్యాక్, లైనక్స్‌లో అన్‌జిప్ కమాండ్‌కి హైఫన్ టీ కలపండి, టార్ అయితే -టీజెడ్ఎఫ్ కొడితే లోపలి పేర్లన్నీ చదివి చూపిస్తుంది. టెస్ట్ పాసైనా సరే, కొత్త ఫోల్డర్‌లోకి విప్పి ఫైళ్ల సంఖ్య అసలు ఫోల్డర్‌తో సరిపోయిందో లేదో, రెండు మూడు ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూసేదాకా ఒరిజినల్స్ చెరపకండి.

అవతలికి సరిగ్గా చేరిందో లేదో తేల్చడానికి ఎస్‌హెచ్‌ఏ256 అనే లెక్క ఉంది, ఫైల్ మొత్తం చదివి దానికి వేలిముద్ర లాంటి ఒక వరస ఇస్తుంది. లైనక్స్‌లో ఎస్‌హెచ్‌ఏ256సమ్, మ్యాక్‌లో షాసమ్ -ఏ 256, విండోస్‌లో సర్ట్‌యుటిల్ -హ్యాష్‌ఫైల్ అని కొట్టి ఫైల్ పేరు, దాని తర్వాత ఎస్‌హెచ్‌ఏ256. మూడింట్లోనూ 64 గుర్తుల పొడవు వరస వస్తుంది. అక్క దగ్గర వచ్చిన వరస, మీ దగ్గర వచ్చిన వరస అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయితే ఫైల్ క్షేమంగా చేరినట్టు. తేడా ఉంటే దారిలో పాడైంది, మళ్లీ పంపండి.